మనసు కుంగినప్పుడు: రసాయనమెంత, బ్రతుకెంత?

న్యూయార్కు నగరంలో భాగమైన స్టేటన్ ద్వీపంలో ఒకప్పుడు సీ వ్యూ అనే పెద్ద క్షయరోగుల ఆసుపత్రి ఉండేది. 1952లో అక్కడి వైద్యులు ఐప్రోనయజిడ్ అనే కొత్త మందును రోగులకిచ్చి చూశారు. ఈ మందు పుట్టుక కూడా విచిత్రమైనదే. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఇంధనంగా వాడిన హైడ్రజీన్ యుద్ధం ముగిశాక మందుల కంపెనీలకు చౌకగా దొరికింది. దాని నుంచి రసాయనజ్ఞులు తయారు చేసిన పదార్థాలలో ఇది ఒకటి. క్షయ ఎంతవరకు తగ్గిందన్న సంగతి అటుంచితే, నెలల తరబడి మంచాలకు అతుక్కుపోయినవారు లేచి తిరగసాగారు. అన్నం రుచించసాగింది. రోగులు వార్డులో నాట్యం చేస్తున్న ఫోటోలు పత్రికలకెక్కాయి. ఊపిరితిత్తులకని ఇచ్చిన మందు మనసును తాకింది. వెదకబోయిన తీగ కాలికి తగలడం సామెత. ఇక్కడ ఎవరూ వెదకని తీగ కాలికి తగిలింది.

డిప్రెషన్ అన్న మాటకు తెలుగులో దిగులు, వ్యాకులత, నిస్పృహ, కుంగుబాటు అని రకరకాలుగా వాడుతున్నారు. వీటిలో కుంగుబాటు అన్నది ఎక్కువ తగిన మాటగా తోస్తుంది. కుంగడం నేలకూ, గోడకూ, మనసుకూ కూడా చెల్లుతుంది. పైగా గోడ కుంగితే ఎవరూ గోడను తిట్టరు, పునాది చూస్తారు.

ఆ పునాది ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకు గత 70 ఏళ్ళలో విజ్ఞానశాస్త్రం చెప్పిన జవాబు రెండుసార్లు మారింది. మొదటి జవాబు రసాయనశాస్త్రం ఇచ్చినది. మెదడులోని నాడీకణాలు చాలావరకు ఒకదానినొకటి తాకవు. వాటి నడుమ అతి సన్నని సందు ఉంటుంది. ఒక కణం చివర నుంచి వెలువడిన రసాయనం ఆ సందు దాటి రెండవ కణాన్ని చేరితేనే సందేశం అందినట్లు. సెరటోనిన్, నారెపినెఫ్రిన్, డోపమీన్ అనేవి ఇటువంటి సందేశవాహకాలు. మూడింటిలోనూ ఒక్కొక్క అమైను భాగమే ఉండడం వలన వీటిని మోనోఅమీన్లు అంటారు. పని ముగిసిన తరువాత వీటిని పంపిన కణమే తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. మోనోఅమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము కొంత భాగాన్ని ధ్వంసం చేస్తుంది. ఐప్రోనయజిడ్ ఈ ఎంజైమునే అడ్డుకుంటుందని తేలింది. కాలేయానికి హాని చేయడం వలన ఆ మందు 1961లో అమెరికా విపణి నుంచి తొలగిపోయినా, అది చూపిన దారి మిగిలింది.

ఇంచుమించు అదే కాలంలో స్విట్జర్లాండులో రోలండ్ కున్ అనే వైద్యుడు ఇమిప్రమీన్ అనే మందును వేరొక మానసిక వ్యాధికి పనిచేస్తుందేమోనని పరీక్షించి, దానికి పనికిరాకపోయినా కుంగిపోయిన రోగులకు మేలు చేస్తున్నదని 1957లో ప్రకటించాడు. వెలువడిన సందేశవాహకాలను కణం తిరిగి పీల్చుకోకుండా ఇది ఆపుతుంది. అంటే రెండు మందులూ వేరువేరు దారులలో ఒకే పని చేస్తున్నాయి. సందులో సందేశవాహకం ఎక్కువసేపు నిలుస్తున్నది.

మూడవ సాక్ష్యం భారతదేశం నుంచి వచ్చింది. సర్పగంధ వేరు ఆయుర్వేదంలో తరతరాలుగా వాడుకలో ఉన్నదే. అధిక రక్తపోటుకూ, ఉన్మాదానికీ అది పనిచేస్తున్నదని కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ రసాయనజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పీన్‌ను వేరుచేశారు. అది కణాలలో నిలువ ఉన్న సెరటోనిన్‌ను ఖాళీ చేస్తుందని 1955లో అమెరికాలోని బెథెస్డా ప్రయోగశాలలో తేలింది. రక్తపోటుకు రిసర్పీన్ తీసుకున్న రోగులలో కొందరు కుంగిపోతున్నారని వైద్యులు రాయసాగారు. నిలువ పెరిగితే ఉత్సాహం, తరిగితే కుంగుబాటు! లెక్క సరిపోయింది. 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ దీనిని సిద్ధాంతంగా కూర్చాడు. 1988 ఆరంభంలో సెరటోనిన్ ఒక్కదానినే లక్ష్యంగా చేసుకున్న ప్రోజాక్ అమెరికా విపణిలోకి వచ్చేసరికి, మెదడులో రసాయనాల అసమతుల్యం అన్న మాట సామాన్యుల నోట కూడా నిలిచిపోయింది.

ఆ మాట చేసిన మేలు తక్కువేమీ కాదు. అంతవరకూ కుంగుబాటు అంటే బద్ధకం, పొగరు, పూర్వజన్మ పాపం, లేకపోతే తిన్నది అరగకపోవడం. షుగరు జబ్బువంటిదే ఇదీ అని డాక్టరు చెప్పగలగడం వలన ఎందరో తలెత్తుకుని చికిత్సకు వెళ్ళారు. అయితే ఆ లెక్కలో ఒక కిటుకు ఉన్నది. మాత్ర మింగిన కొద్ది గంటలలోనే సందులో సెరటోనిన్ పెరుగుతుంది. మనసు తేలికపడడానికి మాత్రం వారాలు పడుతుంది. లోటు ఒక్కటే కారణమైతే ఈ ఆలస్యం దేనికి? రిసర్పీన్ కథ కూడా అనుకున్నంత తిన్ననిది కాదు. 1955లోనే లండన్ వైద్యులు డేవీస్, షెపర్డ్ ఆందోళన, కుంగుబాటు ఉన్నవారికి రిసర్పీన్ ఇచ్చి చూడగా, అది మేలు చేసినట్లు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. సిద్ధాంతానికి ఎదురు తిరిగిన ఆ ఫలితాన్ని ఆనాడు అందరూ సుఖంగా మరచిపోయారు. కుంగుబాటుకు సెరటోనిన్ లోటు కారణమనడానికి నిలకడైన ఆధారాలు కనిపించడంలేదని 2022లో ఒక విస్తృత సమీక్ష తేల్చినప్పుడు పత్రికలు పెద్ద దుమారం లేపాయి గాని, పరిశోధకులలో చాలామందికి ఆ లెక్క తప్పిందని అప్పటికే తెలుసు. అమృతాంజనం రాస్తే తలనొప్పి తగ్గింది కనుక తలలో అమృతాంజనం తక్కువైందని ఎవరూ అనరు కదా!

కారణం గురించిన ఊహ తప్పినంత మాత్రాన మందు పనిచేయదనీ కాదు. 21 రకాల మందులపై జరిగిన 522 పరీక్షలను కలిపి 2018లో లెక్కగట్టినప్పుడు, అన్నీ ఉత్తుత్తి మాత్రకంటె మెరుగైనవేనని తేలింది. ఆ మెరుగు సగటున ఓ మోస్తరుదే అనికూడా తేలింది. సందేశవాహకం పెరగడమన్నది మొదటి మెట్టు మాత్రమేననీ, ఆ తరువాతి వారాలలో నాడీకణాల నడుమ కొత్త అల్లికలు ఏర్పడడంలోనే అసలు పని జరుగుతుందనీ ఈనాడు ఎక్కువమంది భావిస్తున్నారు.

ఇంతకూ ఏది దిగులు, ఏది వ్యాధి? ఆత్మీయులు పోయినప్పుడు ఏడవడం వ్యాధి కాదు. ఉద్యోగం పోయిన వారం నిద్ర పట్టకపోవడమూ కాదు. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతి రోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగి ఉండడం, లేదా ఇంతకు మునుపు ఇష్టమైన వాటిలో ఏ రుచీ లేకపోవడం ప్రధాన లక్షణాలు. వీటికి తోడు నిద్ర, ఆకలి తారుమారవుతాయి; నీరసం, నిదానం ఆవరిస్తాయి; దేనిమీదా దృష్టి నిలువదు; తాను ఎందుకూ పనికిరాననీ, అందరికీ బరువుననీ అనిపిస్తుంది; చావు గురించిన ఆలోచనలు వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 సంవత్సరానికి వేసిన లెక్క ప్రకారం ఇటువంటివారు దాదాపు 28 కోట్లమంది.

తెలుగు ఇళ్ళలో ఇది తన పేరుతో ప్రవేశించడం అరుదు. ఒళ్ళునొప్పులు, తలభారం, గుండెదడ, గ్యాసు అన్న మారుపేర్లతో వస్తుంది. తల్లి గుండెల్లో ఏదో బరువుగా ఉందంటే కొడుకు కార్డియాలజిస్టు వద్దకు తీసుకువెళతాడు. పరీక్షలన్నీ బాగున్నాయని తెలిశాక, నీకేమీ లేదమ్మా అంటాడు. ఆమెకు ఆ మాట ఊరట కాదు, తలుపు మూసుకోవడం. యుక్తవయసు పిల్లలలో కన్నీళ్ళకు బదులు చిరాకు కనిపిస్తుంది, గ్రేడ్లు పడిపోతాయి, తండ్రి ఆ గ్రేడ్ల గురించి మాత్రమే మాట్లాడతాడు. మగవారిలో అది తరచు కోపంగానో, శుక్రవారంనాటి రెండు గ్లాసులు రోజూ నాలుగు కావడంగానో బయటపడుతుంది.

కారణం ఒక్కటి కాదనీ, అనేకమనీ చెప్పేదే రెండవ జవాబు. కవలలపై జరిగిన పరిశోధనలను కలిపి 2000లో లెక్కవేసినప్పుడు, కుంగుబాటుకు లోనయ్యే స్వభావంలో మనుషుల మధ్య కనిపించే తేడాలలో సుమారు 37 శాతం వంశపారంపర్యమని తేలింది. తక్కినది బ్రతుకు నేర్పినది. మనిషికి ముప్పు ఎదురైనప్పుడు మెదడు అడుగునుండే హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికీ, అక్కడినుంచి మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులకూ ఆదేశం వెళుతుంది. కార్టిసాల్ అనే హార్మోను రక్తంలో చేరుతుంది. పాము ఎదురైనప్పుడు ఇది ప్రాణరక్షకం. పాము వెళ్ళిపోగానే కార్టిసాల్ తిరిగి మెదడును చేరి, ఇక చాలు అని చెప్పి తన ఉత్పత్తిని తానే ఆపుకుంటుంది. అయితే వీసా గడువు, లేఆఫ్ భయం, స్వదేశంలో మంచాన పడిన తండ్రి, వీరు వెళ్ళిపోయే పాములు కారు. తీవ్రంగా కుంగినవారిలో చాలామందికి ఈ ఆపుదల సరిగా పనిచేయదు. దీర్ఘకాలపు ఒత్తిడి జ్ఞాపకశక్తికి స్థానమైన హిప్పోకాంపస్‌లోని నాడీకణాల కొమ్మలను కుదిస్తుందని జంతువులపై పరీక్షలలో స్పష్టంగా కనిపించింది.

ఒకే కష్టం వచ్చిన ఇద్దరిలో ఒకరే ఎందుకు కుంగుతారు? దీనికి ఆలోచింపజేసే జవాబు ప్రయోగశాలలో కాక వీధులలో దొరికింది. 1970 ప్రాంతాలలో జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ దక్షిణ లండన్‌లోని కాంబర్‌వెల్ పేటలో ఇల్లిల్లూ తిరిగి స్త్రీలను ప్రశ్నించి, 1978లో ఆ ఫలితాలను గ్రంథంగా వెలువరించారు. పెద్ద కష్టం వచ్చినప్పుడు కుంగిపోయే అవకాశాన్ని పెంచే పరిస్థితులు నాలుగు కనిపించాయి. 11 ఏళ్ళు నిండకముందే తల్లిని కోల్పోవడం, ఇంట్లో ముగ్గురు లేక అంతకు మించి చిన్నపిల్లలు ఉండడం, ఇంటి బయట ఉద్యోగం లేకపోవడం, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం. ఈ నాలుగవది తక్కినవాటికంటె బలమైనది.

లండన్ శ్రామిక స్త్రీల గురించి రాసిన ఆ మాటలను అమెరికాలోని తెలుగు ఇళ్ళ గుమ్మంలో నిలబడి చదివితే ఉలికిపాటు కలుగుతుంది. ఎం.టెక్. చదివి, హైదరాబాదులో ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక హెచ్-4 వీసామీద వచ్చిన యువతికి ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉండదు. 2015లో వచ్చిన నిబంధన కూడా, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవారికే ఆ అవకాశమిచ్చింది. ఆమెకు కారు నడపడం రాకపోవచ్చు. భర్త రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. అమ్మకు ఫోను చేస్తే అక్కడ నిద్రవేళ. చేసినా, అంతా బాగుందనే చెబుతుంది, ఎందుకంటే అమెరికా సంబంధమని ఊరంతా చెప్పుకున్నారు. పనిలో మునిగి ఉన్న భర్తకు ఇందులో కష్టమేమిటో బోధపడదు. ఇల్లు ఉన్నది, ఫ్రిజ్ నిండుగా ఉన్నది. ప్రసవం తరువాత ఇదే ఇల్లాలు మరింత సుకుమారమైన దశలో ఉంటుంది. అమెరికాలో బాలింతలలో దాదాపు 8 మందిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు కనిపిస్తున్నాయి. పురిటికి వచ్చిన తల్లి ఆరు నెలలకు తిరుగు విమానం ఎక్కినప్పుడు, ఆమె వెంట ఆ ఇంట్లోని చెవి కూడా వెళ్ళిపోతుంది.

పిల్లల వద్దకు వచ్చిన పెద్దల మాట కూడా ఇంతే. ఊళ్ళో అరుగుమీద కూర్చుంటే పదిమంది పలకరించే మనిషి, ఇక్కడ పగలంతా కిటికీలోంచి మనుషులు లేని వీధిని చూస్తూ గడుపుతాడు.

కొన్ని కారణాలు చాలా సాధారణమైనవి, కాని తరచు అందరి కన్నూ తప్పించుకునేవి. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే కుంగుబాటు లక్షణాలే కనిపిస్తాయి. విటమిన్ బి12 మాంసం, చేప, గుడ్డు, పాలలోనే సహజంగా దొరుకుతుంది కనుక శాకాహారులలో, అందులోనూ పాలు, పెరుగు మానినవారిలో దాని లోటు ఎక్కువ. షుగరు జబ్బుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో కూడా అది తగ్గవచ్చు. రెండింటికీ సాధారణ రక్తపరీక్షలు చాలు. ఇక వెలుతురు. డిసెంబరు మూడవ వారంలో హైదరాబాదులో పగలు దాదాపు 11 గంటలుంటే, డెట్రాయిట్‌లో 9, లండన్‌లో 8 గంటలకు లోపే. ఏటా చలికాలంలో కుంగి వసంతంలో కోలుకునే రకాన్ని నార్మన్ రోసెంతాల్ బృందం 1984లో వివరించింది. దానికి ఉదయంపూట అరగంటసేపు 10,000 లక్సుల దీపం ముందు కూర్చోవడం మేలు చేస్తుంది. ఇంటిలోని మామూలు దీపాల వెలుగు అందులో ఎన్నో వంతు కూడా ఉండదు.

కారణాలు అనేకమైనప్పుడు చికిత్సకు కూడా అనేక ద్వారాలు ఉంటాయి. మాత్ర వాటిలో ఒకటి. కాని ఇళ్ళలో జరిగే వాదన మాత్రం, మాత్ర వేసుకోవాలా, వద్దా అన్నచోటే ఆగిపోతుంది. మాత్ర వద్దనేవారు ధ్యానం చేయమంటారు, కావాలనేవారు అదే సర్వరోగనివారిణి అనుకుంటారు. అసలు అడగవలసింది, ఈ మనిషి రోజు ఎట్లా గడుస్తున్నదని.

ఈ ప్రశ్ననే పట్టుకుని గోవాలో విక్రం పటేల్ బృందం చేసిన పని ఈ రంగంలో ఎన్నదగినది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో, మానసిక వైద్యంలో ఏ పట్టమూ లేని సామాన్యులకు కొద్దివారాల శిక్షణ ఇచ్చి సలహాదారులుగా నియమించారు. వారు తీవ్రంగా కుంగిన రోగులను ఆరు నుంచి ఎనిమిది పర్యాయాలు కలిసి, మానేసిన పనులు ఏమిటో అడిగి, వాటిలో చిన్నదానిని ఎంచుకుని తిరిగి మొదలు పెట్టించేవారు. మూడు నెలలకు, మామూలు వైద్యం మాత్రమే పొందినవారికంటె వీరు ఎక్కువమంది కోలుకున్నారని 2017లో లాన్సెట్ ప్రకటించింది. ఏడాది తరువాత కూడా ఆ మేలు నిలిచింది. ఇందులోని కీలకం సూక్ష్మమైనది. ఉత్సాహం వస్తే పని చేస్తానని రోగి అనుకుంటాడు. పని మొదలైతే గాని ఉత్సాహం రాదు. తులసికోటకు నీళ్ళు పోయడం, వీధి చివరిదాకా నడవడం, ఒక స్నేహితురాలికి ఫోను చేయడం, ఏదైనా ఫరవాలేదు. వేళ ముందే నిర్ణయించుకోవాలి, మనసు ఒప్పుకునే దాకా ఆగరాదు. అయితే, లేచి ఏదైనా చేయరాదా అని గద్దించడానికీ, ఇద్దరం కలిసి నడిచివద్దాం రమ్మనడానికీ చాలా దూరమున్నది.

మందు అవసరమైనవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. వికారం, నిద్రలేమి వంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అందువల్ల చాలామంది, మేలు మొదలయ్యే ముందే మానేస్తారు. మొదటి మందుతో పూర్తిగా కోలుకునేవారు మూడింట ఒక వంతేనని 2006లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ పరీక్ష తెలిపింది; ఒకటి పనిచేయకపోతే మరొకటి ప్రయత్నించడం ఓటమి కాదు. మనసు బాగుపడింది కదా అని హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, చిరాకు కలుగుతాయి. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. 25 ఏళ్ళలోపు వారిలో చికిత్స ఆరంభంలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరిక మందు పెట్టెమీదే ఉంటుంది కనుక కాలేజీలో ఉన్న పిల్లలను ఆ రోజులలో దగ్గరగా గమనించాలి. బంధువుల మాత్రలు పంచుకోవడం, సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికను డాక్టరుకు చెప్పకుండా కలపడం ప్రమాదకరం.

మందు పడనివారికీ, వద్దనుకునేవారికీ, మందుతోపాటు కూడా, ఆరన్ బెక్ ఫిలడెల్ఫియాలో 1960 ప్రాంతాలలో రూపొందించిన ఆలోచనా చికిత్స ఉన్నది. తనను గురించి తాను వేసుకునే తీర్పులను సాక్ష్యాలతో పరీక్షించడం అందులో నేర్పుతారు. వ్యాయామం, నిద్రవేళల క్రమం వీటన్నిటికీ తోడు. మద్యం మాత్రం శత్రువే.

చనిపోవాలనిపిస్తున్నదా అని అడగడానికి కుటుంబసభ్యులు భయపడతారు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడగడం వలన బరువు దిగుతుంది. అవునని జవాబు వస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలరాదు. నిలువ ఉన్న మాత్రలు, తుపాకి ఉన్న ఇళ్ళలో తుపాకి, అందుబాటులో లేకుండా తీసివేయాలి. అమెరికాలో 2022 జూలై నుంచి 988 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. బ్రిటన్‌లో సమారిటన్ల నంబరు 116 123. స్వదేశంలో ఉన్న తల్లిదండ్రుల కోసం 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడతారు.

డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు పెద్దలకు ఇంటివారే దుబాసీలుగా ఉండడం ఇక్కడ రివాజు. ఆ గదిలో కొడుకు కూర్చుని ఉండగా, కోడలు మూడు నెలలుగా తనతో మాట్లాడలేదని ఏ తల్లీ చెప్పదు. చెప్పినా అతడు అనువదించడు. ప్రభుత్వ నిధులు పొందే అమెరికన్ ఆసుపత్రులు రోగి భాషలో దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలన్నది చట్టం. తెలుగు దుబాసీ కావాలని అపాయింట్‌మెంటు తీసుకునే రోజునే చెప్పి, గుర్తు చేయడానికి ముందురోజు మరొకసారి ఫోను చేసి, కొడుకు బయట కుర్చీలో కూర్చుంటే చాలు.